కట్టమంచివారి చదువు

మన విద్యార్థి సంఘం వార్షిక సంచికలో ప్రతి యేడూ ఒక పెద్దమనిషి జీవితం వేయడం ఆనవాయితీ. ఈసారి ఆ పేజీలు నాకు అప్పగించారు. నేను బి.ఎస్సీ. మూడో సంవత్సరం, కెమిస్ట్రీ విద్యార్థినిని గనుక ఏ సి.వి. రామన్ గురించో, ఏ యల్లాప్రగడ సుబ్బారావు గురించో రాస్తానని అందరూ అనుకున్నారు. నేను మాత్రం ప్రయోగశాలలో ఒక్కరోజు కూడా పనిచేయని మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు కట్టమంచి రామలింగారెడ్డి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సి.ఆర్. రెడ్డిగా మనకు పేరు తెలుసు. పేరు తప్ప ఇంకేమీ తెలియదు అంటే కూడా తప్పులేదు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి. అది మా ఇంట్లో ఈ యేడు నడుస్తున్న ఒక పంచాయితీ.

మాది నందిపేట్. గోదావరి ఒడ్డున, శ్రీరాంసాగర్ నీళ్ల పక్కన ఉన్న మండలం. మాకు నాలుగెకరాలు. వరి, పసుపు, కొంత ఎర్రజొన్న. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదలు. మొన్న పసుపు ఉడకబెట్టి ఎండబోసిన రోజుల్లో, కళ్లంలో కూర్చొని కొమ్ము ఏరుతూ, బి.ఎస్సీ. అయినాక ఎం.ఏ.లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గాని సోషియాలజీ గాని చదువుతా అని మా నాయినతో అన్నాను. నాయిన చేతిలో కొమ్ము చేతిలోనే పట్టుకొని నా మొఖం జూసిండు. మూడేండ్లు సైన్సుకు ఫీజులు గట్టింది ఇందుకా అన్నడు. సమాజం గురించి పుస్తకంల చదువుడేంది, మనం సమాజంల లేమా అన్నడు. బి.ఇడి. చేస్తే టీచర్ నౌకరి వస్తది, ల్యాబుల చేరితే జీతం వస్తది, నువ్వనే చదువుకు ఎవ్వలిస్తరు నౌకరి అన్నడు. అమ్మ ఏమీ అనలేదు గాని, ఆ రాత్రే మళ్లీ సంబంధాల మాట ఎత్తింది.

నాయిన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. చెమటోడ్చి కట్టిన పైసలకు లెక్క అడిగే హక్కు ఆయనకు ఉన్నది. నా దగ్గరనే సరైన జవాబు లేకపోయింది. మనుషులు కలిసి ఎట్లా బతుకుతారు, వాళ్లను ఎవరు ఎట్లా పాలిస్తారు అనే చదువు ఒక రైతుబిడ్డకు ఎందుకు అనే ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే ఈ జీవితం దొరికింది. అందుకే రాస్తున్నాను.

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు పట్టణానికి ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామంలో పుట్టారు. వ్యవసాయమే కులవృత్తిగా ఉన్న కుటుంబం. అయితే తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు చిత్తూరులో వకీలు. ఈ సంగతి దాచిపెట్టి, ఆయన కూడా మనలాంటి పేద రైతుబిడ్డే అని రాస్తే కథ అందంగా ఉంటుంది గాని నిజం కాదు. ఇంట్లో భూమీ ఉంది, చదువూ ఉంది. చిత్తూరులో హైస్కూలు చదువు అయినాక ఆయన మద్రాసు వెళ్లి క్రిస్టియన్ కాలేజీలో చేరగలిగారు. ఆ రోజుల్లో ఊరు దాటి అంతదూరం పోయి చదివే స్తోమత ఎంతమందికి ఉండేది?

ఆ క్రిస్టియన్ కాలేజీ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. మన జిల్లాలో మిషనరీలు అనగానే డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం కట్టిన ఆసుపత్రి గుర్తుకొస్తుంది. మద్రాసులో వాళ్ల పేరు చదువుతో నిలిచింది. 1837లో స్కాట్లాండు నుంచి వచ్చిన జాన్ ఆండర్సన్ అనే మిషనరీ ఒక బడి పెట్టాడు. అదే పెరిగి పెద్దదై క్రిస్టియన్ కాలేజీ అయింది. ఇప్పుడు తాంబరంలో ఉన్నది గాని, 1937 వరకు మద్రాసు నగరం నడిబొడ్డున జార్జిటౌన్‌లో ఉండేది. విలియం మిల్లర్ అనే ఆయన 1862 నుంచి 1907 దాకా దానిని నడిపించారు. తెలుగుదేశంలో సంఘసంస్కరణకు పేరుపడ్డ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆ మిల్లర్ దొర శిష్యులే. తరువాతి కాలంలో మన రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు కూడా ఆ కాలేజీ విద్యార్థే.

రెడ్డిగారు అక్కడ చదివింది చరిత్ర, తత్త్వశాస్త్రం. సోషియాలజీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అనే పేర్లతో అప్పటికి మనదేశంలో శాఖలే లేవు. బొంబాయి విశ్వవిద్యాలయంలో సోషియాలజీ శాఖ 1919లో వచ్చింది. ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వచ్చింది 1954లో. అంతకుముందు సంఘాన్ని గురించి, రాజ్యాన్ని గురించి ఆలోచించాలంటే చరిత్రలో, తత్త్వంలో, అర్థశాస్త్రంలో వెతుక్కోవలసిందే. పేర్లు వేరైనా నేను చదవాలనుకునేది, ఆయన చదివింది దాదాపు ఒకటే.

ఆ కాలేజీలో తెలుగు విద్యార్థులకు ఆంధ్రభాషాభిరంజని అనే సంఘం ఉండేది. మన విద్యార్థి సంఘం లాంటిదే అనుకోండి. 1899లో ఆ సంఘం కావ్యరచనలో పోటీ పెట్టింది. పందొమ్మిదేళ్లు కూడా నిండని రెడ్డిగారు ఒక కావ్యం రాసి బహుమతి గెలిచారు. దాని పేరు ముసలమ్మ మరణము. ఆధునిక తెలుగు కవిత్వం దానితోనే మొదలైందని చెప్పే విమర్శకులు కూడా ఉన్నారు. రాజుల కథ కాదు, దేవతల కథ కాదు. ఒక రైతు ఇంటి కోడలి కథ.

అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం అనే ఊరు ఉన్నది. ఆ ఊరికి పెద్ద చెరువు. ఒకసారి వానలు విపరీతంగా కురిసి చెరువు నిండి, కట్ట తెగే దశకు వచ్చింది. జనం మొక్కుకున్నారు. ఊరి రైతు బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత పలుకు వినిపించింది. ముసలమ్మ అంటే వృద్ధురాలు కాదు, అది ఆమె పేరు. ఆ యువతి ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకొని, ఊరి కోసం గండిలోకి నడిచిపోయింది. కట్ట నిలిచింది. ఇదీ కథ. ముసలమ్మ కట్ట అని ఇప్పటికీ ఆ కట్టను పిలుస్తారు.

నేను ఈ కథను మా అవ్వకు చెప్పాను. అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా అవ్వ పుట్టిన ఊరు శ్రీరాంసాగర్ కింద మునిగింది. 1963లో నెహ్రూగారు పోచంపాడు దగ్గర ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. తరువాత కట్ట లేచింది, నీళ్లు నిలిచినయి, మా దిక్కు ఎన్నో ఊళ్లు ఖాళీ అయినయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు అవ్వ ఒడ్డున నిలబడి, తమ ఇల్లు ఉన్న దిక్కు చెయ్యి చూపిస్తది. ఆ నీళ్లతో లక్షల ఎకరాలు పచ్చబడ్డయి, మా నాలుగెకరాలు కూడా ఆ పుణ్యమే. అందుకని అవ్వ ప్రాజెక్టును తిట్టదు. కాని ఆ రోజు కథ విన్నాక, పిల్లను అడగడానికి ఊరంతటికీ నోరెట్లొచ్చింది బిడ్డా అని మాత్రం అడిగింది.

మిత్రులారా, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను చదివే సైన్సు, కట్ట ఎందుకు తెగుతుందో చెబుతుంది. నీటి ఒత్తిడి ఎంత, మట్టిలోంచి ఊట ఎట్లా వస్తుంది, ఏ మట్టి ఎంత బరువు ఆపుతుంది, ఇవన్నీ లెక్కగట్టి చెప్పగలదు. కాని ఊళ్లో అంతమంది ఉండగా కోడలి పేరే ఎందుకు వచ్చింది? భూస్వామి పేరు, పూజారి పేరు ఎందుకు రాలేదు? ఇది సోషియాలజీ అడిగే ప్రశ్న. అసలు వానాకాలం రాకముందే కట్టకు మట్టి ఎత్తించవలసింది ఎవరు? తూము ఎవరు చూడాలి? ఆ పని జరగకపోతే ఎవరిని నిలదీయాలి? ఇది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అడిగే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలు అడిగేవాళ్లు ఆ ఊళ్లో ముందే ఉండి ఉంటే ముసలమ్మ చావవలసిన అవసరమే ఉండేది కాదు.

పందొమ్మిదేళ్లలోపు రామలింగారెడ్డిగారు ఈ ప్రశ్నలు అడగలేదు. ఆయన ఆ త్యాగాన్ని చూసి చలించి, కీర్తించారు. అయితే ఆ తరువాత బతికిన యాభై ఏళ్లూ ఆయన చేసిన పని చూస్తే, కట్ట తెగకముందే మరమ్మతు చేసే మనుషుల్ని తయారు చేయడమే ఆయన పని అనిపిస్తుంది. ఆ పని ఎట్లా చేశారో ఇప్పుడు చెబుతాను.

క్రిస్టియన్ కాలేజీలో మంచి మార్కులతో నెగ్గినందుకు ఆయనకు భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చింది. 1902లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. చరిత్రలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. అంతకంటే మన విద్యార్థి సంఘం వాళ్లు గుర్తు పెట్టుకోవలసిన విషయం ఒకటుంది. కేంబ్రిడ్జి యూనియన్ అనేది చర్చలకు, ఉపన్యాసాలకు పేరుపడ్డ విద్యార్థి సంఘం. బ్రిటిష్ మంత్రులు ఎంతోమంది నోరు తిప్పడం నేర్చుకున్నది అక్కడే. దానికి ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన తొలి భారతీయుడు రెడ్డిగారు. మనల్ని పాలిస్తున్న తెల్లవాళ్ల పిల్లలు, మన చిత్తూరు మనిషికి ఓటు వేసి గెలిపించారన్న మాట. మాట నేర్పు ఉన్నవాడికి ఓటు పడుతుందని మన దగ్గర కూడా తెలిసిందే గాని, ఆయన మాట వెనుక చదువు ఉన్నది.

తిరిగి వచ్చాక బరోడా సంస్థానంలో కాలేజీలో పనిచేశారు. అరవిందులు అంతకుముందు పనిచేసిన కాలేజీ అదే. తరువాత మైసూరు మహారాజా కాలేజీకి వెళ్లారు. అప్పుడు మైసూరు దివానుగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఉన్నారు. సంస్థానానికి సొంత విశ్వవిద్యాలయం కావాలని ఆయన పట్టుదల. విదేశాల్లో విశ్వవిద్యాలయాలు ఎట్లా నడుస్తున్నాయో చూసి రమ్మని పంపిన ఇద్దరిలో రెడ్డిగారు ఒకరు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇక్కడ ఒక మాట గమనించాలి. విశ్వేశ్వరయ్యగారు ఇంజనీరు. ఆనకట్టలు కట్టినవారు. ఆయనకు కూడా సిమెంటు, సున్నంతో పాటు చరిత్ర చదివిన మనిషి అవసరం పడింది. ఒక సంస్థను ఎట్లా కట్టాలి, ఎవరికి ఏ అధికారం ఇవ్వాలి, పైసలు ఎక్కడినుంచి రావాలి, ఈ లెక్క వేరే లెక్క.

తరువాత రెడ్డిగారు మైసూరు సంస్థానానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. అంటే బడులన్నిటికీ పైఅధికారి. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలను అందరితోపాటు సర్కారు బడుల్లో చేర్చుకోవాలనే విధానానికి ఆయన అండగా నిలబడ్డారు. కాగితం మీద ఒక ఆర్డరు రాయడం చిన్న పనే. దాన్ని ఊళ్లో బడి గడప దాటించడమే పెద్ద పని. బడి గడప బయట నిలబడ్డ పిల్లవాడికి ఆ ఆర్డరు అంటే ఏమిటో మనం ఊహించుకోవచ్చు.

ఈ మధ్యకాలంలోనే ఆయన తెలుగులో రెండు ముఖ్యమైన పుస్తకాలు రాశారు. ఒకటి అర్థశాస్త్రం మీద. పన్నులు, ధరలు, భూమి, కూలి ఇవన్నీ ఇంగ్లీషు వచ్చినవాళ్ల సొత్తుగా ఉన్న రోజుల్లో వాటిని తెలుగు చదువరికి అందించే ప్రయత్నం అది. రెండోది కవిత్వతత్త్వ విచారము. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తీసుకొని, పాత కవులను కూడా తర్కించి చూడాలని నిరూపించిన విమర్శ. దాని మీద పండితులు కోపగించుకున్నారు, చర్చలు చాలా నడిచాయి. పెద్దవాళ్లు రాసినదని ఒప్పుకోకుండా ఎందుకు, ఎట్లా అని అడగడం మనకు ల్యాబులో నేర్పుతారు. ఆ పని కవిత్వంలో కూడా చేయవచ్చునని ఆయన చూపించారు.

1921లో ఆయన మైసూరు కొలువు వదిలేసి మద్రాసు వచ్చి రాజకీయాల్లో దిగారు. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు. కొంతకాలానికి పానగల్ రాజావారి మంత్రివర్గం నడత నచ్చక బయటికి వచ్చేశారు. 1923 నవంబరులో ఆ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. భారతదేశపు చట్టసభల్లో అటువంటి తీర్మానాల్లో అదే మొదటిది. తీర్మానం ఓడిపోయింది. ఓడిపోయినా ఒక దారి పడింది. గద్దెమీద కూర్చున్నవాళ్లు సభకు జవాబు చెప్పాలి, చెప్పకపోతే దించవచ్చు అనే సంగతి జనానికి తెలిసింది. ఈనాడు సర్పంచి మీద అవిశ్వాసం అంటే మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది మొదట ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని 1926లో మొదలైంది. ఆ యేడు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి వైస్‌ఛాన్సలరు రెడ్డిగారు. మొదట బెజవాడలో మొదలుపెట్టారు. ప్రధాన కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగాదా కొన్నేళ్లు నడిచి, చివరికి విశాఖపట్నం వాల్తేరులో స్థిరపడింది. ఒక్క భవనం లేదు, చేతిలో డబ్బు లేదు, జిల్లాల మధ్య ఐకమత్యం లేదు. మా ఊళ్లో కొత్త బోరు ఎక్కడ వేయాలనే దానిమీదనే రెండు వాడలు మాట్లాడుకోవడం మానేస్తాయి. ఒక విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టాలంటే ఎంత రగడ అయి ఉంటుందో అర్థం చేసుకోవచ్చు.

మన దిక్కు నుంచి కూడా ఒక్కసారి చూడాలి. చిత్తూరు మనిషి గురించి నిజామాబాద్ సంచికలో ఎందుకని ఒక స్నేహితురాలు నన్ను అడిగింది కూడా. అప్పుడు మనది నిజాం రాజ్యం. మన హైదరాబాదులో 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది, కాని బోధన ఉర్దూలో. మన పల్లెల్లో తెలుగు బడే గగనం. అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైన 1926లోనే ఇక్కడ సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆ సురవరంవారే తరువాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. మన పూర్వీకులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టారు అని రాసిన పుస్తకం అది. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. రాజుల చరిత్రలు వదిలి జనం చరిత్ర వెతకాలనే ఆలోచన ఇక్కడా అక్కడా ఒకే తరంలో పుట్టిందని చెప్పడానికే ఇది రాశాను. ఇది ఎవరిదో పరాయి చదువు కాదు.

1930లో గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్నది. సర్కారు లాఠీలతో, జైళ్లతో జనాన్ని అణచివేస్తున్నది. దానికి నిరసనగా రామలింగారెడ్డిగారు వైస్‌ఛాన్సలరు పదవికి రాజీనామా చేశారు. తన చేతులతో కట్టడం మొదలుపెట్టిన ఇల్లు, గోడలు లేవకముందే వదిలి బయటికి వచ్చారు. ఈ చోట నేను చదవడం ఆపి కొంతసేపు ఆలోచించాను. కుర్చీ ఎక్కడం గొప్ప అని అందరం అనుకుంటాం. ఎప్పుడు దిగాలో తెలియడం కూడా ఆ చదువులో భాగమే.

ఆయన తరువాత 1931లో రాధాకృష్ణన్‌గారు వైస్‌ఛాన్సలరుగా వచ్చారు. విశ్వవిద్యాలయాన్ని కట్టి నిలబెట్టిన మొదటి ఇద్దరూ ఆ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో తత్త్వశాస్త్రం చదివినవాళ్లే! రాధాకృష్ణన్‌గారి కాలంలోనే జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారి విరాళాలతో అక్కడ సైన్స్, టెక్నాలజీ కళాశాల లేచింది. తెలుగు విద్యార్థులు ఎందరికో ఫిజిక్సు, కెమిస్ట్రీలలో పెద్ద చదువులు చదివే వీలు కల్పించింది ఈ తత్త్వశాస్త్రం చదివినవాళ్లు. సైన్సు వాళ్లం మనం ఈ అప్పు మరిచిపోకూడదు.

1936లో రెడ్డిగారు తిరిగి వైస్‌ఛాన్సలరుగా ఎన్నికై 1949 దాకా ఉన్నారు. మధ్యలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. పుస్తకాలు, పరికరాలు, విద్యార్థులు, పంతుళ్లు అందరినీ మరో ఊరికి చేర్చి చదువు ఆగకుండా నడిపించడం ఎంత కష్టమో, మకాం మార్చిన కుటుంబంలో పుట్టిన నాకు కొంత తెలుసు.

ఆయనలో లోపాలు లేవని చెప్పను. 1930లో సర్కారు దౌర్జన్యానికి నిరసనగా పదవి వదిలిన మనిషే 1942లో అదే సర్కారు ఇచ్చిన సర్ బిరుదు తీసుకున్నారు. ఆ యేడే ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఈ రెండింటినీ ఎట్లా పొసగించాలో నాకు తెలియలేదు. పార్టీలు మారారని కూడా ఆయనను విమర్శించినవాళ్లున్నారు. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి వదిలేయడం అలవాటు. పాతకవులను తర్కించమని నేర్పిన మనిషిని తర్కించకుండా వదిలితే అది ఆయనకు మర్యాద కాదని నేను రాస్తున్నాను.

రెడ్డిగారు పెళ్లి చేసుకోలేదు. చివరి రోజుల్లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలరుగా ఉన్నారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. అప్పటికి డెబ్భై ఏళ్లు. రెండేళ్లకు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అది చూడకుండానే పోయారు.

ఇక మా ఇంటి పంచాయితీకి వస్తాను.

మా మేనమామది బోధన్ దిక్కు. ఒకప్పుడు చెరకు వేసేవాడు. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. ఆ నీళ్లకు చెరకు వచ్చింది, ఆ చెరకుకు 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు. శక్కర్‌నగర్ అనే ఊరే దాని చుట్టూ లేచింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మేనమామ చెరకు వదిలి వరికి మళ్లిండు. రసంలో చక్కెర పాలు ఎంతో నేను ల్యాబులో కొలిచి చెప్పగలను. చెరకు గడ నరికిన తరువాత ఆలస్యమైతే చక్కెర ఎందుకు తగ్గుతుందో రసాయన సూత్రం రాసి చూపించగలను. కాని అంత పెద్ద ఫ్యాక్టరీ ఎందుకు మూతపడింది, ఎవరు ఏ కాగితం మీద ఏం నిర్ణయించారు, రైతు మాట ఆ కాగితంలో ఎక్కడుంది అని మేనమామ అడిగితే, మూడేండ్ల కెమిస్ట్రీలో దానికి జవాబు నాకు దొరకలేదు.

మా తాత పెట్టెలో ముంపు భూమి కాగితాలు ఇంకా ఉన్నయి. ఏ నోటీసు ఎందుకు వచ్చింది, ఎన్ని రోజుల్లో జవాబు రాయాలి, పైన ఎవరికి అప్పీలు చేసుకోవాలి అనేది ఆనాడు చదివి చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. తాత వేలిముద్ర వేసిండు, ఇచ్చింది తీసుకున్నడు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. మా ఇంట్లో ఆ చదువు లేదు అని చెబుతున్నాను, అంతే.

ఈ మాటలే మొన్న నాయినతో చెప్పాను. కట్టమంచివారి తండ్రి వకీలు గదా, మనకు ఆ బలం యాడిది అని నాయిన అన్నడు. నిజమే. ఆయనకు స్కాలర్‌షిప్ రాకపోయినా ఇల్లు గడిచేది. నాకు నౌకరి రాకపోతే తమ్ముని చదువు ఆగుతది. ఈ తేడాను ఏ జీవితచరిత్రా చెరిపివేయలేదు. అందుకని నేను ఒక మాట ఇచ్చాను. బి.ఎస్సీ. మంచి మార్కులతో పాసవుతాను. ఆ తరువాత పి.జి. ప్రవేశ పరీక్షలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కు కూర్చుంటాను, ఏ డిగ్రీ వాళ్లయినా దానికి రాయవచ్చు. సర్కారు కాలేజీలో సీటు వస్తే చదువుతాను, రాకపోతే బి.ఇడి. చేస్తాను. పెళ్లి మాట అప్పటిదాకా ఎత్తవద్దు. నాయిన ఔననలేదు, కాదనలేదు. పొద్దున్నే లేచి, తాత పెట్టె దించి, ఆ పాత కాగితాలు నా ముందర పెట్టిండు. చదివి అర్థమైంది చెప్పుమన్నడు. ఇప్పుడు రోజూ రాత్రి ఒక్కో కాగితం చదువుతున్నాము. అవ్వ కూడా వచ్చి కూర్చుంటున్నది.

కట్టమంచివారు ఒక రైతుకోడలి చావును కావ్యం చేసి పేరు తెచ్చుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే మంచి కవిగా మిగిలేవారు. ఆయన బడులు తెరిచారు, సభలో ప్రశ్నించారు, విశ్వవిద్యాలయం నిలబెట్టారు. గండి పడ్డాక ప్రాణం ఇచ్చేవాళ్ల గురించి పాటలు కట్టడం మనకు ఎప్పటినుంచో వచ్చు. గండి పడకముందు కట్ట మీద తిరిగి చూసేవాళ్లు మన ఇండ్లలోంచి కూడా రావాలి. సైన్సు చదివేవాళ్లం ఆ కట్ట బలం కొలుద్దాం. కొందరం ఆ కట్ట బాధ్యత ఎవరిదో అడగడం కూడా నేర్చుకుందాం.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మా పరీక్షలు దగ్గరపడి ఉంటాయి. మూడో సంవత్సరం మిత్రులందరికీ నా శుభాకాంక్షలు. ముసలమ్మ మరణము కాలేజీ గ్రంథాలయంలో దొరికితే ఒక్కసారి చదవండి, చదివినంక మీ అవ్వకు కూడా చెప్పండి. ఆమె ఏమంటదో వచ్చి నాకు చెప్పండి.